అగ్నియా బెనిఫిట్ రోజు

నా భార్య అగ్నియాను చంపింది జరేచిన్. ఊపిరితిత్తుల వాపు అన్నాడు డాక్టరు. డాక్టర్లు అలాగే అంటారు.

ఆ జరేచిన్ ఇప్పుడు నా ఇంట్లో, నా బల్ల దగ్గర, దేవుడి పటం కింద కూర్చుని నా టీ తాగుతున్నాడు. కూర్చోబెట్టింది మా వదిన ఫెవ్రోనియా. అతని పక్కన నిలబడ్డది నా కూతురు గ్లాషా. అతని మంచుబండిలో వ్యాత్కా వెళ్తానని, అతని నాటక కంపెనీలో చేరతానని నేను గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పింది.

నేను ఇంకా కోటు విప్పలేదు.

"మళ్లీ చెప్పు," అన్నాను.

"వెళ్తున్నాను నాన్నా. ఈస్టర్ అవగానే ఈ వికెంతీ పావ్లిచ్ గారు వేషాలిస్తామన్నారు. కన్నెపిల్ల వేషాలు. మాటలున్నవి."

ఆ చివరి ముక్క నన్ను చూసే అంది.

"కోటు విప్పవయ్యా మరిదీ," అంది ఫెవ్రోనియా. "మంచంతా కరిగి నేల మీద కారుతోంది. పోట్లాడుకుంటే పోట్లాడుకోండి, కాళ్లు తుడుచుకుని పోట్లాడుకోండి."

విప్పలేదు. అతను కూర్చున్న గదిలో నేను కూర్చోవడం జరగదు.

జరేచిన్ గ్లాసు కింద పెట్టాడు. "తమ్ముడూ యెర్మిల్..."

"తండ్రి పేరు కలిపి యెర్మిల్ ఫోకిచ్ అనండి."

"సరే. యెర్మిల్ ఫోకిచ్. నిన్న చర్చి బయట బండివాడితో బేరమాడుతుంటే విన్నాను నీ పిల్ల గొంతు. గట్టిగా అరవలేదు. అయినా వీధి అవతల ఉన్న నాకు ప్రతి ముక్కా వినబడింది. నేర్పితే వచ్చే గొంతు కాదది. తల్లిది."

"తల్లి మాట మీ నోట రావద్దు."

ఒకప్పుడు ఈ జరేచిన్ వేదిక మీద నల్ల అంగీ వేసుకుని తలుపు తోసుకొస్తే వర్తకుల భార్యలు ఊపిరి బిగబట్టేవాళ్లు. నేను వెనక దీపం పట్టుకుని నిలబడి చూసేవాణ్ని. ఇప్పుడు మీసానికి రంగేశాడు. టీ ఆవిరికి ఆ రంగు మూతి పక్కన కారింది. కోటు మెడ బొచ్చు సగం చిమటలు తిన్నాయి. కొత్త పళ్లు కట్టించుకున్నాడు, రొట్టె నమలలేక టీలో ముంచుకుంటున్నాడు. నాకు జాలి కలగలేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే పెద్ద ఉపవాసాల రెండో వారం అది. థియేటర్లన్నీ మూతబడ్డాయి. నటులంతా వచ్చే సీజనుకు పని వెతుక్కుంటూ మాస్కో పోయారు. నేను పోలేదు. పళ్లెం పట్టుకుని 'భోజనం సిద్ధంగా ఉంది దొరగారూ' అనే వేషానికి మాస్కో దాకా పోనక్కర్లేదు. ఈ పెంజాలోనే దొరుకుతుంది.

"వెళ్లు," అన్నాను గ్లాషాతో. "ఏం తొడుక్కుని వెళ్తావు?"

"అమ్మ పెట్టె ఉందిగా."

"ఆ పెట్టె నాది."

"గౌన్లు నువ్వు తొడుక్కుంటావా?"

ఫెవ్రోనియా నవ్వు ఆపుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

కంపెనీ యజమాని నటికి వేషమిస్తాడు, గౌను ఇవ్వడు. ఎవరి దుస్తులు వాళ్లు తెచ్చుకోవాలి. పెట్టె లేని నటిని ఏ ఊళ్లోనూ గుమ్మం ఎక్కనివ్వరు. అగ్నియా పెట్టెలో నల్ల మఖమలు గౌను ఒకటి, సీసా రంగు ఆకుపచ్చది ఒకటి, తెల్ల మస్లిన్‌వి రెండు, కాలర్లు, ముసుగులు, ఒక విసనకర్ర. ఆ మఖమలు ఒక జమీందారిణి పారేసిన తెరలోంచి వచ్చింది. ఆ లేసులు అగ్నియా తన వేళ్లతో అల్లింది. కంపెనీ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారినప్పుడు మేం నడిచినా నడిచాం గాని ఆ పెట్టె మాత్రం బండి ఎక్కేది. ఆ తాళంచెవి నా మెడలో, శిలువ పక్కన ఉంటుంది.

"ఆకుపచ్చది నాకు సరిగ్గా సరిపోతుంది," అంది గ్లాషా. "నడుం దగ్గర కొంచెం వదులు. అంతే."

"నీకెలా తెలుసు?"

"ఏటా ఎండాకాలం ముందు చిమటలు పట్టకుండా పెట్టెలో పొగాకు ఆకు మార్చడానికి నువ్వే తాళం ఇస్తావుగా," అంది ఫెవ్రోనియా. "అప్పుడొకసారి తొడిగి చూసుకుంది. ఏం? చిమటలకైతే ఇస్తావా?"

"మీ ఇద్దరూ కలిసి చేశారన్నమాట."

"ముగ్గురం. అద్దం కూడా ఉంది."

"వదినా!"

"అరవకు. ఉపవాసం రోజులు. పటం ముందు అరవకు."

గొంతు తగ్గించాను. తగ్గించి చెప్పినది ఇదే. నీ తల్లిని చంపినవాడి బండిలో, నీ తల్లి గౌను తొడుక్కుని, నీ తల్లి వేసిన వేషాలు వేయడానికి వెళ్తావా అన్నాను. ఈయన ఏం చేశాడో నీకు తెలుసు అన్నాను.

"తెలుసు," అంది గ్లాషా. చేతులు కట్టుకుంది. వీధి బళ్లో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "అట్ల వారంలో మా అమ్మకు బెనిఫిట్ రోజు ఉండేది. జరేచిన్ దాన్ని గుంజుకున్నాడు. అమ్మకు జనవరిలో రోజు పడింది. జనవరి చలిలో అమ్మ కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పడిశం పట్టింది. రొమ్ము పట్టింది. పోయింది. ఆమెన్. మాటలు రాకముందే ఇది వచ్చు నాకు నాన్నా. దాదులు జోలపాట పాడతారు. నువ్వు ఇది పాడావు."

జరేచిన్ తల దించుకుని గ్లాసులోకి చూశాడు.

అంతా సరిగ్గానే చెప్పింది. ఒక్క ముక్క తప్పు లేదు.

బెనిఫిట్ అంటే బయటివాళ్లకు ఒక సాయంత్రం. మాకు అది ఏడాది. ఆ సాయంత్రం ఆ నటుడే రాజు. నాటకం తను ఎంచుకుంటాడు. వేషాలు తను పంచుతాడు. వసూలు తనది. ఉపవాసాలకు ముందు వచ్చే అట్ల వారంలో ఊరంతా వేడి అట్లు వెన్నలో ముంచి మింగి, పొట్టలు నిమురుకుంటూ థియేటరుకొస్తుంది. ఆ వారం ఏం ఆడినా హాలు నిండుతుంది. జనవరిలో, నీటి పండుగ తర్వాతి గడ్డ చలిలో, కుక్క కూడా బయటికి రాదు.

అప్పుడు నటి గడపలు తొక్కాలి. అదీ మా ఆచారం. అచ్చేసిన కరపత్రాలు చంకలో పెట్టుకుని పెద్దిళ్లకు తనే వెళ్లాలి. దొరసానికి పట్టు గుడ్డ మీద అచ్చేసింది, మిగిలినవాళ్లకు కాగితానిది. నౌకరు తలుపు తీసి 'అమ్మగారు లేచారేమో చూసొస్తా' అని గుమ్మంలో నిలబెట్టి పోతాడు. వేడి గది నుంచి చలిలోకి, చలి నుంచి వేడి గదిలోకి. దగ్గు మొదలైనా తిరగాలి. హాలు ఖాళీగా ఉంటే ఆ సిగ్గు నటిదే.

అగ్నియా అలా తిరిగింది. సగం నిండిన హాలులో జ్వరంతో ఆడింది. అట్ల వారం వచ్చేసరికి మంచం మీద ఉంది. ఉపవాసాల మొదటి వారంలో పోయింది. అప్పుడు గ్లాషా పాకుతోంది.

ఆ ఏడాది అట్ల వారం కరపత్రం మీద పెద్దక్షరాలతో ఉన్న పేరు వికెంతీ జరేచిన్. రోజు మారిందని అగ్నియా నాతో అంది. ఎవరు మార్చారో నేను అడగలేదు. గోడ మీద ఉంది.

"ఇంకో అట్టు... ఛ, ఉపవాసం కదూ. ఇంకో పుట్టగొడుగు వేసుకోండి పావ్లిచ్," అంది ఫెవ్రోనియా. "ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది తల్లీ. ఈ పళ్లకి ఉప్పొకటే తెలుస్తుంది."

టీ నీళ్ల సమోవార్ గుయ్‌మంటోంది. ఇలాంటి సమోవార్ పక్కనే, రిబిన్‌స్క్‌లో, ఓ అద్దె గదిలో, అగ్నియా నాకు మొదటి వేషం నేర్పింది.

నేను పల్లెటూరి చదువు చదివినవాణ్ని. చర్చి గంటలు కొట్టే ముసలాయన కీర్తనల పుస్తకం ముందు పెట్టి, తల మీద గరిటెతో కొట్టి అక్షరాలు నేర్పాడు. చేతిరాత చదవడం నాకు ఇప్పటికీ నిదానమే. వేషం కాగితం చేతికొస్తే అక్షరం అక్షరం కూడబలుక్కునేసరికి రిహార్సల్ అయిపోయేది. అందుకే పళ్లెం ఇచ్చేవాళ్లు. ఒకసారి నాలుగు వాక్యాల దూత వేషం వచ్చింది. కాగితం పట్టుకుని మెట్ల మీద కూర్చుని చెమటలు కక్కుతుంటే అగ్నియా చూసింది. అప్పటికి మాకు పరిచయం లేదు.

'ఇలా ఇవ్వు,' అంది. 'నేను చదువుతా. నువ్వు విను. నీ చెవులు బాగానే ఉన్నాయి, పెద్దవి.'

విన్నాను. ఒకసారి వింటే వచ్చేసింది. చర్చిలో నిలబడి పెరిగినవాడికి చెవి అలాగే ఉంటుంది. ఆ తర్వాత ప్రతి వేషమూ ఆమె చదివింది, నేను విన్నాను. ఇస్త్రీ పెట్టె కొనలేక ఆమె తన లేసులు వేడి సమోవార్ పొట్టకు చుట్టి ఆరబెట్టుకుంటూ చదివేది. తలుపు ఎలా తీయాలో కూడా ఆమే చెప్పింది. 'లోపల ఏముందో తెలిసినట్టు తీయకు యెర్మిల్. నౌకరుకి కూడా తలుపు అవతల ఏముందో తెలియదు.' ఇప్పటికీ అలాగే తీస్తాను. ఎవరూ గమనించరు.

"నువ్వు ఏం ఆలోచిస్తున్నావ్?" అంది గ్లాషా.

"ఏం లేదు."

"ఎప్పుడూ ఏం లేదే."

"ఈయన దగ్గర నేను ఒక్కటే పుచ్చుకున్నాను," అన్నాను. "ఆ వేషం. అదీ దానికి పెట్టుకున్న లొమోవ్ ఆ జనవరిలో తాగి పడిపోయాడు కాబట్టి. వేషం నాది. రాత్రి నాది. దానికి నేనీయనకు రుణపడి లేను."

జరేచిన్ తలెత్తి చూశాడు. మళ్లీ దించుకున్నాడు.

ఆ రాత్రి సంగతి ఈ ఊళ్లో థియేటరు పాత దీపాలవాడికి తెలుసు, నాకు తెలుసు. జరేచిన్ బెనిఫిట్‌లో మూడో అంకం. ముసలి అడవి కాపరి. చచ్చాడనుకున్న కొడుకు దొరబాబు వేషంలో తన గుడిసెకొస్తాడు. కాపరి గుర్తుపడతాడు. చెప్పకూడదు. టోపీ చేతిలో పట్టుకుని దారి చూపిస్తూ అడవి గురించి మాట్లాడాలి. అంతే వేషం. దొరబాబు జరేచిన్.

నూనె దీపాల వాసన. కింద, మాటలు అందించే ప్రాంప్టర్ గూట్లో ముసలి సీదొర్, కాగితం మూసేసి నన్నే చూస్తున్నాడు. నేను మాట్లాడుతున్నాను. ఏ చెట్టు ఏ ఏడాది పడిందో చెబుతున్నాను. పైన చవక సీట్ల గ్యాలరీలో సద్దు లేదు. పొద్దుతిరుగుడు గింజలు నమిలే చప్పుడు కూడా లేదు. అట్లు తిని వచ్చిన జనం దగ్గలేదు కూడా.

తెర పడింది. పైనుంచి కేకలు. 'అడవి కాపరీ! అడవి కాపరీ!' నా పేరు వాళ్లకు తెలియదు. కరపత్రం మీద అందరి కింద ఉంది. జరేచిన్ నా చెయ్యి పట్టుకుని ముందు దీపాల దగ్గరికి లాక్కొచ్చాడు. నేను వంగి దణ్ణం పెట్టాను. నౌకరు వంగినట్టే వంగాను, నాకు ఇంకోలా రాదు. వాళ్లు నవ్వారు, ఇంకా గట్టిగా పిలిచారు.

రంగు కడుక్కోకుండా ఇంటికి పరిగెత్తాను. అగ్నియా మేలుకునే ఉంది. 'చేసి చూపించు,' అంది. మంచం పక్కన నిలబడి మొత్తం అంకం చేశాను. ఫెవ్రోనియా ఉయ్యాల ఊపుతూ చూసింది. అగ్నియా ఒక్కసారి కూడా దగ్గకుండా విన్నది. ఆపుకుందని నాకు తర్వాత తెలిసింది. అయిపోయాక చప్పట్లు కొట్టబోయింది, చేతులు లేవలేదు. వేళ్లతో దుప్పటి మీద తట్టింది.

నా బతుకులో నాకున్నది అదొక్కటి.

"లొమోవ్ తాగలేదు," అన్నాడు జరేచిన్.

మెల్లగా అన్నాడు. అయినా చివరి వరుస దాకా వెళ్లే గొంతు అతనిదీ.

"ఏమిటి?"

"ఏం లేదు. ముసలితనం. నోరు జారింది. అమ్మాయ్, నా టోపీ ఏది?"

"కూర్చోండి," అంది గ్లాషా. "లొమోవ్ తాగలేదంటే?"

"తాగేవాడు. ఆ జనవరిలో తాగలేదంటున్నాను. వదిలెయ్ తల్లీ. నేను మాటిచ్చాను."

"ఎవరికి?" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. ఫెవ్రోనియా వైపు చూశాడు. ఫెవ్రోనియా పొయ్యి తలుపు మూసింది. చేతులు ముందుగుడ్డకు తుడుచుకుంది. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంది.

"వదినా."

"చెప్పొద్దని నా చేత శిలువకు ముద్దు పెట్టించి ఒట్టు వేయించింది," అంది. "ఇన్నాళ్లూ చెప్పలేదు. నువ్వు ఈ మనిషిని ఊరూరా తిట్టావు. విన్నాను. పిల్లకు నూరిపోశావు. విన్నాను. ఇప్పుడు అదే చెప్పి పిల్ల కాళ్లు కట్టేస్తానంటే వినను. శిలువ మీద మాట తప్పిన పాపం నాది. నేను పడతాను."

"ఏం పాపం?"

"ఆ అట్ల వారం రోజును ఈయన గుంజుకోలేదు మరిదీ. అగ్నియా ఇచ్చింది."

నేను నవ్వాను. నవ్వు బాగానే వచ్చిందనుకుంటాను. "బెనిఫిట్ రోజు ఎవరైనా ఇస్తారా? అట్ల వారంలో రోజు? పిచ్చిదా అది?"

"పిచ్చిదే. 'అక్కా, యెర్మిల్ పళ్లెం మోసి మోసి మనిషే పళ్లెమైపోయాడు, నిద్రలో కూడా భోజనం సిద్ధం అంటున్నాడు' అంది నాతో. నవ్వింది కూడా. నవ్వి, ముసుగేసుకుని, ఈయన బసకు వెళ్లింది."

గ్లాషా కుర్చీ వీపు పట్టుకుంది.

జరేచిన్ ఇక దాచలేదు. వేదిక మీద చెప్పినట్టు చెప్పలేదు. నేల చూస్తూ చెప్పాడు.

"అట్ల వారంలో నా రోజు నీకిస్తాను, నీ నాటకంలో అడవి కాపరి వేషం మా ఆయనకివ్వు అంది. వాడు పాడుచేస్తాడన్నాను. చెయ్యడు, చెవితో నేర్చుకుంటాడంది. వేషం కోసం రోజు వదులుకుంటావా, జనవరిలో నీకు హాలు నిండదు అన్నాను. 'నేను తిరుగుతాను, నా కాళ్లు గట్టివి' అంది. ఆయనకు తెలియకూడదంది. తెలిస్తే ఆ వేషం తనది అనుకోడు అంది."

"మీరు ఒప్పుకున్నారు," అంది గ్లాషా.

"ఒప్పుకున్నాను. రోజు తీసుకోకుండా వేషం ఇవ్వొచ్చు. ఆ సంగతి నాకు తర్వాత ఎన్నో ఊళ్లలో తోచింది. అప్పుడు తోచలేదు. అట్ల వారం అట్ల వారమే తల్లీ. నటుణ్ని. తీసుకున్నాను."

"అబద్ధం," అన్నాను.

అబద్ధమైతే ఫెవ్రోనియా నా మొహం చూసి ఉండేది. ఆమె పటం వైపు చూస్తోంది.

నేను అడగవలసినవి చాలా ఉన్నాయి. నా నోట వచ్చింది వేరే.

"పైనుంచి పిలిచారు," అన్నాను. "గ్యాలరీ నన్ను పిలిచింది."

"పిలిచింది," అన్నాడు జరేచిన్.

"అదీ మాట్లాడి పెట్టిందేనా?"

"కాదు. ఒట్టు. ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ రాత్రి దొరబాబు వేషంలో ఉండి నా మాట మర్చిపోయాను యెర్మిల్, నిన్ను వింటూ. సీదొర్ కూడా కాగితం మూసేశాడు కదా, నాకు అందించేవాడు లేడు."

నిజమే కావచ్చు. అతను ఆ మాట చాలా బాగా అన్నాడు. నటుడు. ఎలా అనాలో తెలిసినవాడు. ఇక ఈ జన్మలో నేను ఆ రాత్రిని తలుచుకున్నప్పుడల్లా అతను ఆ మాట అన్న తీరు కూడా తలుచుకోవాలి.

నేను కోటు గుండీలు విప్పాను. మెడలోంచి తాళంచెవి తీశాను. శిలువ దారం దానికి చుట్టుకుపోయింది. విడదీయడానికి చాలాసేపు పట్టింది. బల్ల మీద పుట్టగొడుగుల గిన్నె పక్కన పెట్టాను.

"తీసుకో," అన్నాను. "వెళ్లు."

గ్లాషా తీసుకోలేదు.

"ఇందాక కాదన్నావ్. ఇప్పుడు తీసుకో అంటున్నావ్. నాతో మాట్లాడకుండా పంపేయడానికా?"

"వెళ్తానన్నావు. వెళ్లు."

"నాన్నా." వచ్చి నా ముందు నిలబడింది. ఆమె కళ్లు తల్లివి కావు, నావి. అందువల్ల తప్పించుకోవడం కష్టం. "నువ్వు నాకు ఎప్పుడూ జరేచిన్ గురించే చెప్పావు. అమ్మ గురించి ఒక్కటీ చెప్పలేదు. ఆమె ఎలా నవ్వేదో నాకు ఇప్పుడు పెద్దమ్మ చెబితే తెలిసింది. పళ్లెమైపోయాడు అందట. ఆ ఒక్క ముక్కతో నాకు అమ్మ కనబడింది."

"బాగా అనేది అలాంటివి," అంది ఫెవ్రోనియా.

"నువ్వుండు పెద్దమ్మా. నాన్నా, ఒక్కటి అడుగుతాను. నువ్వు చెబితే నేను వెళ్లను. ఈస్టర్ దాకా ఇక్కడే ఉంటాను. మనిద్దరం ఆ పెట్టె తీసుకుని కూర్చుందాం. ఒక్కొక్క గౌనూ తీసి, ఏది ఏ ఊళ్లో కుట్టిందో నువ్వు చెప్పు. వికెంతీ పావ్లిచ్ గారు వెళ్లిపోతారు. నాకు వేషం పోతుంది. పోనీ."

జరేచిన్ ఏదో అనబోయి ఊరుకున్నాడు. కంపెనీకి కన్నెపిల్ల వేషాలకు మనిషి లేదని అతని మొహంలోనే ఉంది. అయినా ఊరుకున్నాడు. ఆ ఒక్కటి అతని ఖాతాలో రాస్తాను. ఇంకేం రాయను.

"అడుగు," అన్నాను.

"బెనిఫిట్ ఉన్న నటి వెంట భర్త వెళ్తాడు కదా. కరపత్రాలు మోస్తాడు, చలిలో కోటు పట్టుకుంటాడు, అందరూ అలాగే చేస్తారని నువ్వే చెప్పావు. అమ్మ ఒక్కత్తే తిరిగిందన్నావు. ప్రతిసారీ ఒక్కత్తే అన్నావు." గొంతు పెంచలేదు. పెంచనక్కర్లేదు. "ఆ రోజుల్లో నువ్వు ఎక్కడున్నావు నాన్నా?"

ఫెవ్రోనియా ఒక చేత్తో నోరు మూసుకుంది. ఆమెకు తెలుసు. ఆ రోజుల్లో మా గదిలో పగలంతా సీదొర్ కూర్చుని అడవి కాపరి వేషం చదువుతూ ఉండేవాడు, నేను వింటూ ఉండేవాణ్ని. జరేచిన్‌కు కూడా తెలుసు. సీదొర్‌ను పంపింది అతనే. వాళ్లిద్దరిలో ఎవరు నోరు విప్పినా సరిపోయేది. విప్పలేదు. గ్లాషా వాళ్లను అడగలేదు. నన్ను అడిగింది.

బయట గుర్రం గిట్టలతో మంచు తవ్వుతోంది. బండివాడు దాన్ని తిట్టాడు.

గ్లాషా ఎదురుచూసింది. నిజంగానే చూసింది. నేను ఏదో ఒకటి అంటే చాలు, ఉండిపోయేది. ఖాయంగా తెలుసు నాకు.

"ఆ సంగతి ఈ ఇంట్లో ఇక ఎత్తొద్దు," అన్నాను.

"నాన్నా..."

"ఎత్తొద్దన్నాను."

గ్లాషా బల్ల మీద తాళంచెవి తీసుకుని వెనక గదిలోకి వెళ్లింది. పెట్టె నేల మీద ఈడ్చుకొస్తున్న చప్పుడు వినబడింది. బరువైన పెట్టె. ఇద్దరు పట్టాల్సింది. జరేచిన్ లేవబోయాడు, మోకాళ్లు సహకరించలేదు. ఫెవ్రోనియా నా వైపు చూసింది.

"వెళ్లి ఒక చెయ్యి వెయ్యి మరిదీ," అంది. "ఒక్క మాట చెప్పు. ఇంకా గుమ్మం దాటలేదు."

నేను కదల్లేదు. ఆ రోజు చెప్పలేదు. తర్వాత ఫెవ్రోనియా అడిగినా చెప్పలేదు, చర్చిలో ఫాదరు అడిగినా చెప్పలేదు. ఇక్కడ ఇంత రాశాను. ఇక ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా, దాని గురించి నేను మాట్లాడను.